వదిన నేల, బూడిద ఈగ

గిన్నెల కొట్టువాడితో వదిన పెట్టుకున్న తగువుని ఆడపడుచు కళ్ళారా చూసింది. సాయానికని వెంట వెళ్ళలేదు ఆవిడ. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వదిన ఓడిపోతే చూసి, ఇంటికొచ్చి కడుపు నిండా అన్నం తిందామని వెళ్ళింది.

కొత్తగా కొన్న పెద్ద డేగిసాకి మూత సరిగ్గా కూర్చోవడం లేదు. ఒకవైపు నొక్కితే రెండోవైపు లేస్తోంది. కొట్టువాడు చూసీ చూడనట్టు చూసి, మూతలన్నీ అంతేనమ్మా, ఆవిరి పోవద్దూ అన్నాడు. వదిన గొంతు పెంచలేదు. డేగిసాని కొట్టు గుమ్మం పక్కన బోర్లించి, దారికి అడ్డం కాకుండా దాని మీద కూర్చుంది. మూత ఒళ్ళో పెట్టుకుంది. లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ మర్యాదగా ఒకే మాట చెప్పింది, మూత పెట్టి చూసుకుని తీసుకోండి నాయనా అని. వాణ్ణి ఒక్క మాట అనలేదు. జనం మూతలు పెట్టి చూడ్డం మొదలెట్టారు. కొట్టంతా మూతల మోత. ఒకరిద్దరు ఏమీ కొనకుండా బయటికి నడిచేసరికి కొట్టువాడు ఇంకో డేగిసా మోసుకొచ్చి, తల్లీ, ఇది పట్టుకుని లేచి వెళ్ళు, నీకు పుణ్యముంటుంది అన్నాడు. వదిన వెంటనే లేవలేదు. మూత పెట్టి, అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకుని, అప్పుడు లేచింది.

ఆడపడుచుకి ఆ పూట అన్నం సయించలేదు. తన నోటికి వీధి వీధంతా జడుస్తుంది, అయినా ఏ తగువూ గెలిచిన పాపాన పోలేదు. నోట్లో నాలుక లేనట్టుండే వదిన ఒక్కటీ ఓడలేదు. ఇదెక్కడి న్యాయమో ఆవిడకి ఎంతకీ బోధపడేది కాదు.

ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలుండే హాస్టలు అది. కింద వెనకవైపు వంటిల్లు, దానికి ఆనుకుని ఒక గది. వంటిల్లు వదినది. గదిలో వదినా ఆడపడుచూ ఉంటారు. హాస్టల్లో అందరూ ఆవిణ్ణి వదినా అనే పిలుస్తారు, మేనేజరుతో సహా. నిజానికి ఆవిడ వదినైంది ఒక్క ఆడపడుచుకే. మిగతావాళ్ళందరూ ఆ పిలుపుని ఊరికే వాడేసుకుంటున్నారని ఆడపడుచుకి లోపల మంట.

వదిన కోడలిగా వచ్చిన కొత్తలో, దీనికి నీళ్ళు కాచడం కూడా రాదని అత్తగారు వీధంతా చాటింది. ఆ ఒక్క మాటకి వదిన బతుకంతా నీళ్ళు కాస్తూనే ఉంది. గిన్నెలకి మరిగే నీళ్ళు, గుడ్డలకి మరిగే నీళ్ళు, సాయంత్రం పొయ్యి ఆర్పాక నేలకి సోడా కలిపిన మరిగే నీళ్ళు. నేల ఆరాక దాని మీద వట్టి కాళ్ళతో అటూ ఇటూ నడిచి, స్టూలు మీద కూర్చుని, అరికాలు దీపానికి ఎత్తి చూసుకుంటుంది. కాలికి మసి కనిపిస్తే మళ్ళీ మొదటికి. తన కాలు చూసుకుని ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆడపడుచు కాలూ చూపించాలి. గుర్రానికి నాడాలు చూసినట్టు చూస్తావేంటి వదినా అని ఆవిడ సణుగుతుంది. గుర్రమైతే ఇంత సణగదే అమ్మాయ్ అంటుంది వదిన. ఆవిడకి జుట్టంతా నెరిసిపోయింది, అయినా వదినకి ఇంకా అమ్మాయే.

ఆ నేల వేసింది ఆడపడుచు అన్న. తాపీ మేస్త్రీ. హాస్టలు కట్టినప్పుడు పనికి కుదిరి, చివరికి వంటింటి నేల ఒక్కడే వేశాడు. సాయానికి మనిషిని పెట్టుకోలేదు. బండకీ బండకీ మధ్య గోరు దూరకూడదని మోకాళ్ళ మీద పాకుతూ వేశాడు. అదే ఆయన ఆఖరి పని. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టి, ఆ మంచం మీంచి మళ్ళీ లేవలేదు. ఆయన మంచంలో ఉండగానే అప్పటి మేనేజరు జాలిపడి వంటింటి పని వదినకి ఇచ్చాడు. మొగుడు పోయిన ఆడపడుచు కూడా పెట్టె పట్టుకుని వచ్చి చేరింది. ఉండిపోతానని ఈవిడ అడగలేదు, పొమ్మని ఆవిడ అనలేదు.

అలాంటి వంటింట్లోకి ఒక సాయంత్రం ఈగ వచ్చింది.

రొట్టెల బల్లకి పైన ట్యూబులైటు ఉంటుంది. దాని పక్క గోడ మీద వాలింది. ఈగంటే ఈగా కాదు, దోమంటే దోమా కాదు. నువ్వుగింజకి రెక్కలొచ్చి, ఆ రెక్కలకి మళ్ళీ నూగు మొలిచినట్టుంది. రెక్కలు ఇంటికప్పులా వాల్చుకుని కదలకుండా కూర్చుంది. ఇదేం సంత అని ఆడపడుచు చేత్తో ఒక్కటి వేసింది. పురుగు మాయమై గోడ మీద బూడిద మరక మిగిలింది. చేతికీ బూడిదే. రక్తం లేదు, కాలు లేదు, రెక్క లేదు.

వదిన ఆ మరకని తడిగుడ్డతో తుడిచి, తోటలోంచి వచ్చుంటుందిలే అని కిటికీ మూసింది.

మర్నాడు దీపం వెయ్యగానే నాలుగైదు వచ్చాయి. ఆ మర్నాడు లెక్కపెట్టే పనిలేదు. ఎగరడం కూడా సరిగ్గా రాదు వాటికి, గోడ మీంచి గోడ మీదికి గెంతుతాయి. కిటికీలు మూసినా వస్తున్నాయి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కినా వస్తున్నాయి. వదిన నేల ఒకసారికి రెండుసార్లు కడిగింది. సోడా పెంచింది. వంటింట్లో ఆవిరికి ఊపిరాడక ఆడపడుచు గుమ్మంలో కూర్చుని కూరలు తరిగింది. ఎంత కడిగితే అన్ని ఈగలు. నేలని కడుగుతున్నావా, ఈగలకి తలంట్లు పోస్తున్నావా అని అడిగింది. వదిన స్టూలు మీద కూర్చోవడం మానేసింది. రొట్టె తింటూ తిరుగుతోంది, నీళ్ళు తాగుతూ తిరుగుతోంది. పొయ్యి మీది మూత తీసి చూసి పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. రాత్రి పక్క మీద ఇటు దొర్లి అటు దొర్లుతుంటే, ఆ నులకమంచం కిర్రుమన్న ప్రతిసారీ పక్క మంచం మీద ఆడపడుచుకి మెలకువ.

హాస్టల్లో ఒక అమ్మాయి ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. అందరూ ఆ పిల్లని సూదిపిల్ల అంటారు. ఆ పిల్ల భోజనానికొచ్చి గోడ వైపు చూసి కంచం పక్కకి జరిపింది. నూగు ఒళ్ళున్న చిన్న ఈగ ఒకటి కుడితే నెలల తరబడి విడవని జ్వరం వస్తుందని, దాని బొమ్మ తమ ఆసుపత్రి గోడ మీద ఉందని, ఇది అలాగే ఉందని చెప్పింది. గట్టిగా కూడా చెప్పలేదు. చాలు, ఆ మాట నిప్పులా గది నుంచి గదికి పాకింది. మర్నాటి నుంచి పిల్లలు కంచాలు గదుల్లోకి పట్టుకుపోయారు. కొందరు అసలు కంచాలే పట్టుకోలేదు, బయట తినేసి వచ్చారు. వండిన కూర వండినట్టే మిగిలింది. మిగిలిన కూరని చూస్తూ వదిన నిలబడ్డ తీరు చూసి, ఆడపడుచు ఆ గిన్నె తీసుకెళ్ళి కనపడకుండా మూలన పెట్టింది.

మేనేజరు వచ్చాడు. మీసం ఇంకా కుదురుకోని కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. అదే చిక్కు. తిట్టేవాడైతే తగువు పెట్టుకోవచ్చు. అతను చేతులు కట్టుకుని, వదినా, నాకు మీ మీద కోపం లేదు, కానీ పిల్లలు తినకపోతే నేను పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి అన్నాడు. ఈగ బయట్నుంచి వస్తోందని తేలితే కిటికీలకి వలలు కొట్టిస్తానన్నాడు. వంటింట్లోదే అయితే మాత్రం వచ్చే వారం నుంచి భోజనాలు బయటి నుంచి తెప్పిస్తాడట. ఆ తెచ్చేవాళ్ళ సామానుకి వీళ్ళుండే వెనక గది కావాల్సొస్తుందట. ఆదివారం లోపు ఏదో ఒకటి తేల్చమని చెప్పి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇంకోసారి ఏమీ అనుకోకండి అన్నాడు.

కూడూ పోతుంది, గూడూ పోతుంది, ఏమీ అనుకోకూడదు. ఆడపడుచు అతను వీధి మలుపు తిరిగేదాకా అనుకుంది, పైకే అనుకుంది.

మందు కొట్టేవాణ్ణి పిలిచారు. వాడు ముక్కుకి గుడ్డ కట్టుకుని మూలమూలా కొట్టి, ఇక చూసుకోండి అని వెళ్ళాడు. ఒక పూటంతా గిన్నెలు కంపు కొట్టాయి. సాయంత్రం దీపం వేస్తే, తడి ఆరని గోడ మీద కొత్తవి వచ్చి కూర్చున్నాయి. గేటు దగ్గర కాపలా ముసలాయన తన వంతు సలహా తనిచ్చాడు. దీపానికే కదమ్మా వస్తున్నాయి, దీపం తీసెయ్యండి, పీడా పోతుంది అన్నాడు. ఆడపడుచుకి ఆ మాట బాగా నచ్చింది. మేనేజరు వచ్చే వేళకి ట్యూబులైటు పాడైందని చెప్పి, చిన్న దీపమొకటి పెరట్లో పెడితే ఈగలన్నీ అటు పోతాయని, ఇవిగో బయటే ఉన్నాయని చూపించొచ్చని వదినతో అంది.

వదిన పిండి పిసుకుతూ విని, చెయ్యి ఆపకుండా చెప్పింది.

"దీపం ఆర్పితే ఈగ పోదే అమ్మాయ్. నాకు కనపడ్డం పోతుంది, అంతే."

ఆ సాయంత్రం వంట అయ్యాక వదిన చేతులు రెండూ భుజాల దాకా కడుక్కుని, రొట్టెల బల్ల దగ్గర కూర్చుని, ట్యూబులైటు కింద చెయ్యి చాపి పెట్టింది. ఇదేం వేషమని అడిగితే, కుట్టే ఈగో కాదో కుట్టించుకుని చూస్తానంది. జ్వరం వస్తుందన్నారు కదా అంటే, వస్తే తెలుస్తుందిగా అంది. ఆడపడుచు తిట్టింది. బుద్ధి ఉందా అని అడిగింది, ఈ వయసులో ఈ చోద్యాలేంటని అడిగింది. రేపు మంచాన పడితే గంజి కాసి పొయ్యాల్సింది ఎవరని అడిగింది. అడిగీ అడిగీ, ఇంకో స్టూలు లాక్కుని, తన చెయ్యి కూడా వదిన చెయ్యి పక్కన చాపింది. గంజి ఎలాగూ కాస్తాను, ఏకంగా ఇద్దరికీ కాసుకుంటా అంది.

సూదిపిల్ల మంచినీళ్ళ కోసం కిందికి వచ్చి, ఇద్దరు ముసలివాళ్ళు దీపం కింద చేతులు చాపుకుని కూర్చోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సంగతి విన్నాక ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది. ఈగలు వదిన మోచేతి మీద వాలాయి, గెంతాయి, పోయాయి. ఒక్కటీ కుట్టలేదు. ఆడపడుచుకి మాత్రం ఒళ్ళంతా దురద, కుట్టకుండానే. ఆ పిల్ల ఫోనుతో ఒకదాన్ని బాగా దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూపించింది. నూగు దుప్పటి కప్పుకున్నట్టుంది ఈగ, కొమ్ములకి ముత్యాలు గుచ్చినట్టున్నాయి. ఆసుపత్రిలో బొమ్మలో ఉన్న ఈగ రెక్కలు పైకి ఎత్తుకుని ఉంటుంది, ఇది వాల్చుకుని ఉందని ఆ పిల్లకి అప్పుడు తట్టింది. తప్పు నాదే వదినా, తొందరపడి అన్నాను, అందరికీ నేనే చెప్తాను అంది. ఫోన్లో ఇంకాసేపు వెతికింది. తర్వాత చెప్పడానికి తటపటాయించింది.

"ఇది జ్వరం ఈగ కాదు, ఏమీ చెయ్యదు. దీన్ని మురుగు ఈగ అంటారట. మురుగు నిలవున్న చోట పుడుతుందట."

జ్వరం ఈగన్నప్పుడు కదలని వదిన, ఆ మాటకి లేచి నిలబడింది. ఎవరో చెంప మీద కొట్టినట్టు నిలబడింది.

మురుగు ఎక్కడ? తూము ఉందా, రోజూ మరిగే నీళ్ళు పోస్తుంది. గిన్నెలు కడిగే తొట్టి ఉందా, దాన్ని కొబ్బరిపీచుతో తోముతుంది. వదిన గాజుగ్లాసులు తీసింది. లోపలి వైపు నూనె రాసి, తొట్టి కంతకి ఒకటి, నేల తూముకి ఒకటి, స్నానాలగదిలో ఒకటి, బయట కాలవ జాలీ మీద ఒకటి బోర్లించింది. లోపల్నుంచి పైకొచ్చేది ఏదైనా నూనెకి అంటుకోవాలి. తెల్లారేసరికి బయటి గ్లాసు నిండాలని ఆడపడుచు పక్క మీద పడుకుని మొక్కని దేవుడు లేడు.

తెల్లారి చూస్తే అన్ని గ్లాసులూ ఖాళీ. తొట్టి శుభ్రం, తూము శుభ్రం. ఆడపడుచు కొంగు దోపుకుని, పద, మేనేజరుకి చెబుదాం, మన వంటింట్లో ఏమీ లేదని తేలిపోయింది, బయటిదేనని చెప్పేద్దాం అంది. వదిన బయటి గ్లాసు చేత్తో పట్టుకుని చూస్తోంది. బయటిదైతే ఇందులో ఏదీ అంది. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే వాళ్ళ బతుకు సుఖంగా ఉండేది. నిజం మనకి అన్నం పెడుతుందా అని ఆడపడుచు అడిగింది కూడా. వదిన అప్పటికే చెప్పులు విడిచి నేల మీద నడుస్తోంది.

ఈసారి అరికాలు దీపానికి ఎత్తి చూడలేదు. కళ్ళు మూసుకుని నడిచింది. మడమతో ఒక్కో బండా నొక్కుతూ, గోడ వెంట, పొయ్యి వెంట, బల్ల కింద. మూలన పిండి కలిపే మిషను ఉంది. ఇనుప గుర్రమంత బరువు, తెచ్చి పెట్టిన రోజు నుంచి జరిపింది లేదు. దాని వెనక్కి చీపురు వెళ్తుంది, నీళ్ళు వెళ్తాయి, మనిషి వెళ్ళడు. వదిన ఒక పక్కగా వొంగి కాలు లోపలికి చాపి నొక్కింది. బండ కదిలింది. మళ్ళీ నొక్కింది. కింద ఏదో మెత్తగా, చప్పరించినట్టు చప్పుడైంది. వదిన కాలు వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రం ఒక గ్లాసు ఆ బండ సందు మీద బోర్లించారు. చూస్తుండగానే గ్లాసులో బూడిద ఈగ ఒకటి అంటుకుంది. తర్వాత ఇంకోటి. అవి తోటలోంచి రాలేదు, కాలవలోంచి రాలేదు. నేల కింద పుట్టి, సందులోంచి పాకి, దీపం చూసుకుని పైకి వస్తున్నాయి.

అప్పుడు వాళ్ళిద్దరికీ ఒక తగువైంది. ఆడపడుచు దాన్ని తగువని ఒప్పుకోదు. మా అన్న వేసిన నేలకి వంక పెడతావా అని అంది. గోరు దూరని నేల, ఆయన ప్రాణం పెట్టి వేసిన నేల, దాని కింద మురుగు ఉందని నలుగురిలో చెప్పుకుంటావా, పోయినవాడి పరువు తీస్తావా అని ఏడ్చింది. బయటిదే అని ఒక్క మాట చెబితే వలలు కొట్టిస్తాడు, నోరు నొప్పెడుతుందా అని అడిగింది. వదిన అంతా విని ఒక్కటే చెప్పింది. మేస్త్రీగా ఆయన పని చెడలేదట. తూము నీళ్ళు పోవడానికి కింద వేసింది ప్లాస్టిక్ గొట్టం. వేడి తట్టుకోదని ఆయన చెప్పనే చెప్పాడట, నీళ్ళు చల్లార్చి పొయ్యవే అని. చల్లార్చిన నీళ్ళకి ఏ పురుగు చస్తుందండీ అని తనే నవ్వేసిందట. ఇన్నేళ్ళూ సోడా కలిపి మరిగే నీళ్ళు గుమ్మరిస్తే అతుకు మెత్తబడి ఊడింది. కడిగిన పిండి నీళ్ళన్నీ బండల కిందికి పోయి కుళ్ళాయి. ఇంకా కడిగితే ఇంకా కుళ్ళాయి.

మర్నాడు వదిన గ్లాసు మీద చెయ్యి మూసి పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఆడపడుచు వెంట వెళ్ళింది. ఈసారి ఓడిపోతే చూద్దామని కాదు. ఎందుకు వెళ్ళిందో అడిగితే, కాళ్ళు వెళ్ళాయి అని చెప్తుంది. వదిన గ్లాసు బల్ల మీద పెట్టి, ఈగ నా నేల కిందదే బాబూ అని చెప్పింది. ఎందుకొచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో కూడా చెప్పింది. ఆ కుర్రాడు గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశాడు. బయటి ఈగేనని చెబితే నేను నమ్మేవాణ్ణి కదా వదినా అన్నాడు. నాకు తెలుసు అంది వదిన. ఆదివారానికి నేల కుదిరితే చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఉంచుతాడనా, పొమ్మంటాడనా అని ఆడపడుచు దారి పొడుగునా అడిగింది. చూద్దాం అంటే చూద్దామనే అంది వదిన.

నేల బాగుచెయ్యడానికి పిలిచిన కొత్త మేస్త్రీ మధ్యాహ్నానికి వస్తానన్నాడు. ఇద్దరూ కలిసి వంటిల్లు ఖాళీ చేశారు. గిన్నెలు వరండాలోకి, బల్ల పెరట్లోకి. మిషనుని కాపలా ముసలాయనా సూదిపిల్లా తలో చెయ్యి వేసి పక్కకి జరిపారు. దాని కింద బండ నల్లగా, చెమట పట్టినట్టు ఉంది. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. వంటిల్లు ఖాళీగా ఉంటే ఎంత పెద్దదో ఆడపడుచుకి అప్పుడే తెలిసింది. మాట అంటే గోడకి తగిలి తిరిగి వస్తోంది.

వదిన గునపం తీసుకుంది. బండ దగ్గరికి వెళ్ళింది. ఎత్తింది, దించింది. ఇంకోసారి ఎత్తింది. గునపం గోడకి ఆనించి కిటికీ దగ్గరికి పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. మేస్త్రీ వస్తున్నాడుగా, అతను పగలగొడతాడు, నీకెందుకు ఆరాటం అంది ఆడపడుచు. ఇన్నేళ్ళలో మొదటిసారి వదిన చేతులు ఏం చెయ్యాలో తెలియక కొంగు చివర మెలిపెడుతున్నాయి. చివరికి కిటికీ వైపు తిరిగే, ఆడపడుచు ముఖం చూడకుండా అడిగింది.

"మీ అన్న వేసిన నేలే అది. పరాయివాడి చేత మొదటి దెబ్బ వేయించలేను. నా చెయ్యి లేవట్లేదు. అతను వచ్చేలోపు నువ్వు వెయ్యవే అమ్మాయ్."